సిరి ఒకటి దింపు

మా ఇల్లు, కిటికీ పక్క మంచం మీద నుంచి

అక్కా,

ఫోన్ ఉండగా కాగితం మీద రాస్తున్నానని నవ్వుకో, పరవాలేదు. నీ ఫోను పొద్దుటి నుంచి దుకాణం వాళ్ల పెట్టెలో తాళంలో ఉంటుంది. నువ్వు ఇల్లు చేరేసరికి నేను గుర్రు పెడుతుంటాను. అదీగాక ఫోన్లో నీతో ఏదీ తేలదు. రెండు జోకులేసి నా నోరు మూయించేస్తావు. కాగితం మీద నువ్వెన్ని జోకులేసినా నేను నవ్వానో లేదో నీకు తెలియదు కాబట్టి, ఈసారి పైచేయి నాది.

డాక్టరమ్మ ఇంకో నెల మంచం దిగొద్దంది. మీ మరిది వెల్డింగు షాపు నుంచి మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి అన్నం పెట్టి, మళ్లీ పరిగెడుతున్నాడు. చొక్కా నిండా నిప్పురవ్వలు పడ్డ చిల్లులే. నేను పడుకుని ఆ చిల్లులు లెక్కపెట్టుకుంటూ పేర్లు ఆలోచిస్తున్నాను. రెండుసార్లు చెయ్యి జారిపోయాక, ఈసారి ఐదో నెల దాటేదాకా పేరన్న మాటే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను కదా. దాటింది. ఆడపిల్లే అని నా మనసు చెబుతోంది. మగపిల్లాడైతే వాడికి పేరు మీ మరిది చూసుకుంటాడు, నాకు సంబంధం లేదు.

సిరి. ఎలా ఉంది?

డబ్బని కాదక్కా. ఇంట్లో ఉన్నదేదో ఉంది, ఇక చాలు, అనిపిస్తుందే, ఆ నిండుతనం. అమ్మ పోయాక నువ్వు చెప్పుల కొట్లో పనికి చేరి మొదటి జీతం తెచ్చిన రోజు మనిద్దరం నేల మీద కూర్చుని తిన్నామే, అలాంటిది. అందుకే నువ్వు సరే అంటేనే ఈ పేరు. నన్ను పెంచినదానివి. ముందు నీ నోటితో అనిపించుకోవాలని ఉంది.

వెంటనే రాయి.
నీ మొద్దు

*

చెప్పుల దుకాణం వెనక గది, టీ విరామంలో

ఒసే మొద్దూ,

ఆ పేరు వద్దే.

ఒకటి, ఇప్పుడు సందుకో సిరి ఉంది. రేపు బడిలో చేర్పిస్తే టీచరు "సిరీ" అని పిలవగానే సగం క్లాసు లేచి నిలబడుతుంది. నీ కూతుర్ని "మూడో బెంచీ సిరి" అంటారు. రెండు, ఫోన్లో మాట్లాడే ఆ ఆడగొంతుక పేరూ అదే. పిల్ల కనిపిస్తే చాలు, తోటి పిల్లలు "సిరీ, ఇవాళ వాన పడుతుందా? సిరీ, లైటు ఆపు" అని ప్రాణం తీస్తారు. పెద్దయ్యాక ఆఫీసులో కూడా వదలరు. మూడు, మరీ పొట్టి పేరు. కోపమొచ్చినప్పుడు తిట్టడానికి పట్టు దొరకదు. నీ పేరు ఎంత పొడుగో చూడు, ఎంత హాయిగా తిట్టేదాన్నో.

వేరే చూడు. ఏదైనా సరే. నువ్వు ఏది చెప్పినా సరేనంటాను, అదొక్కటి తప్ప.

బేరాల వేళ అయింది, పిలుస్తున్నారు. మంచం దిగకు. నా మీద ఒట్టు.
అక్క

*

మా ఇల్లు, అదే మంచం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. జోకులున్నాయి, కానీ నువ్వు లేవు.

సందుకో సిరి ఉంటే ఉండనీ. మనింటి సిరి మనకుంటుంది. ఇక ఫోను సంగతి. పిల్ల ఫోనుకి తగిన వయసొచ్చేసరికి ఆ గొంతుక పేరు ఏమవుతుందో ఎవరికి తెలుసు? వాళ్లు తిప్పలు పడి వేరే పేరు పెట్టుకోవాలి కానీ, మన పిల్ల ఎందుకు తప్పుకోవాలి? మీ మరిదికి చెబితే, "మీ అక్కకి ఈ మాట ఎవరో చెప్పి ఉంటారు, ఆమె మాటలా లేదు" అన్నాడు. నాకూ అదే అనిపించింది.

నిజం చెప్పు. ఈసారీ పోతుందని భయమా? అందుకని మంచి పేరు ఇప్పుడే వాడేయొద్దు అంటున్నావా? అదైతే చెప్పక్కా, ఏడవను. మనసులో పెట్టుకుని పిచ్చి కారణాలు చెబితే మాత్రం ఏడుస్తాను.
నీ మొద్దు

*

ఇంట్లో, వంటగది బల్ల దగ్గర

చెల్లీ,

ఛ, అదేం మాట. అలాంటి ఆలోచన నా దరిదాపుల్లోకి కూడా రాలేదు. నువ్వలా అనుకున్నావని చదివి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. మీ బావ వచ్చి ఆపాడు.

పిల్ల చక్కగా పుడుతుంది. నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో. నాకేదో చాదస్తం, అంతే. ఈ విషయం ఇంక ఎత్తకు.
అక్క

*

మా ఇల్లు, కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, చూశావా

అక్కా,

మంచం దిగాను. డాక్టరమ్మ రోజూ కొంచెం నడవమంది. పాదాలు బన్ను రొట్టెల్లా ఉబ్బాయి, ఉన్న చెప్పులేవీ ఎక్కడం లేదు. మీ మరిది రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ, అతని చొక్కానే తొడుక్కుని బయల్దేరాను. ఎక్కడికో చెప్పుకో చూద్దాం. మీ దుకాణం కొత్త బ్రాంచి మా వీధి చివరే తెరిచారు.

నువ్వు చెప్పినట్టే ఉందక్కా. పైకప్పులో చతురస్రంగా కన్నం, దానిలోంచి అటక మీది మనిషి పెట్టెలు కిందికి అందించడం, కింద అమ్మాయిలు చెప్పుల రకం పేరు పెట్టి పైకి కేకేయడం. "తార ఆరు నంబరు నలుపు", "మేఘన ఏడు". చెప్పులకి ఆడపిల్లల పేర్లు పెడతారని నువ్వంటే వేళాకోళం అనుకున్నాను. పొడుగు జడ అమ్మాయి ఒకతె నా ముందు కూర్చుంది. నా కాళ్లు చూసింది, చేతిలో సంచి చూసింది, తలెత్తి ఏమని కేకేసిందో తెలుసా?

"సిరి ఒకటి!"

నా గుండె ఝల్లుమంది. కడుపులో పిల్ల కూడా తన్నింది, ఒట్టు. నిన్ను బతిమాలినా నువ్వు సరే అనని పేరు పైకప్పులోంచి దిగుతోంది. తీరా పెట్టె దిగితే, బిరుసుగా, పట్టీ మీద దుమ్ముతో, నా కొలత కూడా కాని గోధుమరంగు చెప్పులు. "సిరి అంటే ఇదేనా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల తడబడి, "అదీ... ఆ మోడల్ అయిపోయిందండీ" అంది. వెనకాల ఇద్దరు ఫక్కున నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. అంత సరదాగా పనిచేసుకునే చోట ఉన్నావని నీ మీద అసూయ వేసింది.

మొహమాటం కొద్దీ నువ్వెవరో చెప్పలేదు. చెబితే ధర తగ్గించి ఇస్తారేమో, అది నీ నెత్తి మీదికి వస్తుందేమో అని. కానీ అక్కా, నాకు సిరి చెప్పులు కావాలి. మీ దగ్గర ఉంటాయి కదా? బిడ్డ పేరున్న చెప్పులేసుకుని ఆసుపత్రికి వెళ్తాను. పంపకపోతే మాట్లాడను.

ఇన్నాళ్లూ నాకు ఈ మాట చెప్పకుండా ఎలా దాచావు? చెప్పుల పేరని వద్దన్నావా? పిచ్చిదానా.
నీ మొద్దు

*

ఇంట్లో

బంగారూ,

పట్టేశావు. అంతే, చెప్పు పేరు పిల్లకెందుకని వద్దన్నాను. నీ దగ్గర ఏదీ దాగదు కదా.

సిరి మోడల్ నిజంగానే తక్కువ వస్తుంది, బ్రాంచిలకు చాలా వరకు అందదు. మా దగ్గర ఒక జత మిగిలితే పక్కన పెట్టించాను. ఈ పార్సిల్లో అదే ఉంది. మెత్తటి అడుగు, వెడల్పు పట్టీ, వాచిన పాదానికి హాయిగా ఉంటుంది. పెట్టె మీద పేరు కూడా ఉంది చూసుకో. ఇవి వేసుకునే నడువు. మళ్లీ ఆ బ్రాంచికి మాత్రం వెళ్లకు, అక్కడ సరుకేమీ ఉండదు, ఊరికే తిరుగుడు. ఏం కావాలన్నా నాకు రాయి.

నీ ఆరోగ్యం జాగ్రత్త, వేళకి తిను, మరిదిగారిని అడిగానని చెప్పు, అందరికీ నా ముద్దులు.
అక్క

*

మా ఇల్లు

అక్కకి,

చెప్పులు నా పాదాలకు ఎంత హాయిగా ఉన్నాయంటే, అలాంటివే మా అత్తగారికీ కొందామని పెట్టె పట్టుకుని బ్రాంచికి వెళ్లాను. వెళ్లొద్దన్నావు. చాదస్తమనుకున్నాను.

జడ అమ్మాయికి పెట్టె చూపించి, ఇదిగో సిరి, మా అక్క పంపింది, ఇలాంటిదే ఇంకొకటి తెప్పించమ్మా అన్నాను. ఆ పిల్ల పెట్టె మీద చీటీ చూసింది. తార అన్న అచ్చు పేరు మీద కాగితం అంటించి, చేత్తో సిరి అని రాసి ఉంది. ఆ చేతిరాత ఆ పిల్ల గుర్తుపట్టింది. నేనే గుర్తుపట్టలేదు, నీ చేతిరాత దిద్దుకుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇంటికొచ్చిన పెట్టెని ముద్దు పెట్టుకున్నాను కానీ చీటీని సరిగ్గా చూడలేదు.

ఆ పిల్ల నన్ను పక్కకు తీసుకెళ్లి ఏడ్చింది. "నన్ను క్షమించండి, మీరు మేడమ్ చెల్లెలని తెలియదు" అంది. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. సిరి అనే చెప్పు ఎక్కడా లేదట. కొనే మొహం కాదు, కాసేపు కూర్చుని పోతుంది, కొత్త పెట్టెలు పాడుచేయొద్దు, తిరిగొచ్చిన పాత జత ఏదో ఒకటి దింపు, విసుగొచ్చి తనే లేచిపోతుంది. ఇంత మాటా కస్టమరు ముందర చెప్పలేరు కదా, అందుకని సిరి అంటారట. పాపం కస్టమరు అదొక మోడల్ అనుకుంటుందట. నాలాగా.

"ట్రైనింగులో మేడమే నేర్పారండీ. కాళ్లు చూడు, సంచి చూడు, మొహం చూడకు, చూస్తే జాలేస్తుంది అన్నారు" అంది. మేడమ్ ఎవరని నేను అడగలేదు.

ఆ రోజు వాళ్లతో పాటు నేనూ నవ్వానని నీకు రాశాను కదా. అది చదివి నువ్వు చెప్పులు పంపించావు.
నేను

*

ఇంట్లో, వంటగది

చెల్లీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. 

ఆ పిల్ల చెప్పింది నిజం. ఆ మాట పుట్టించింది నేను. దుకాణంలో పది మందిని నవ్వించడం నాకు సరదా, నీకు తెలుసు. ఒకావిడ వచ్చింది, చిరుగుల సంచి, పగిలిన మడమలు, కుప్పలు కుప్పలుగా చెప్పులు దింపించి ఏమీ కొనలేదు. ఆవిడ గుమ్మం దాటగానే, "ఎంత సిరిగల తల్లో" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు ఎవరో "మేడమ్, ఇంకో సిరి వచ్చింది" అన్నారు. మేనేజరు విని, టైము కలిసొస్తుంది, భేష్ అన్నాడు. నన్ను సేల్స్ పిల్లలందరికీ హెడ్‌ని చేశారు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ నేనే నేర్పాను. బ్రాంచిలకి వెళ్లి మరీ నేర్పాను. నేను పడిన కష్టాలు మరచిపోయానని అనకు, మరచిపోలేదు. అవి గుర్తుండే, ఆ రకం మనుషుల్ని నేను దూరం నుంచే పసిగట్టేదాన్ని. అందులో నన్ను మించినవాళ్లు లేరని గొప్పగా కూడా ఉండేది.

ఇదంతా ఎప్పుడో మానేసిన పాత సంగతి కాదు చెల్లీ. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు దాన్ని టీ వేళలో చదివాను. నీకు జవాబు రాసి, మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుని, బయటికొచ్చి, ఎదురుగా కూర్చున్న ముసలావిడ కాళ్లు చూసి, పైకి చూసి అదే కేక వేశాను. కేకేశాక గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. ఆ తర్వాత కూడా అరిచాను. నీకు జరిగిందని తెలిశాకే నాకు తల కొట్టేసినట్టయింది. వేరే ఎవరికో జరిగినంతకాలం అలా అనిపించలేదు. అన్నిటికన్నా సిగ్గు ఇదే.

నిన్న పొద్దున దుకాణం తెరవకముందు అందర్నీ నిలబెట్టి ఆ మాట ఇక వద్దని చెప్పాను. "మరి చిన్ని అందామా మేడమ్?" అంది ఒక పిల్ల, మంచి మనసుతోనే. "బేబీ బాగుంటుంది" అంది ఇంకొకతె. ఏ పేరూ వద్దు, అడిగింది దింపండి అన్నాను. అటక మీద పనిచేసే ఆవిడ, అటకమ్మ అంటాం, కన్నంలోంచి తల వంచి, "మరి ఈ పాత పెట్టెలు ఎవరికి దింపాలమ్మా?" అంది. ఎవరికీ వద్దు అన్నాను. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. సాయంత్రానికి పిల్లలు అలాంటి ఆవిడ ఎవరొచ్చినా నా వంక చూడటం మొదలుపెట్టారు. కేక లేదు, చూపు ఉంది. ఆ చూపు నేర్పింది కూడా నేనే.

నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ పేరు మాత్రం పెట్టకు. నన్ను తిట్టు, నాతో మాట్లాడకు, భరిస్తాను. కానీ ఆ పిల్లని ఎత్తుకుని, ఆ పేరుతో పిలవడం నా వల్ల కాదు. పిలిచిన ప్రతిసారీ నా ముందు పగిలిన మడమలు కనిపిస్తాయి.
అక్క

*

మా ఇల్లు, పక్కన పాప నిద్రపోతోంది

అక్కా,

పాప పుట్టింది. బాగుంది. నేనూ బాగున్నాను. మీ మరిది వెల్డింగు అద్దాలు నెత్తి మీద అలాగే ఉంచుకుని ఆసుపత్రికి వచ్చేశాడు. నర్సు చూసి, ఇదేం మనిషి అనుకుని ఉంటుంది. నీకు ఫోన్ చేయనివ్వలేదు నేను. నీ గొంతు వింటే కరిగిపోతానని తెలుసు. ఇప్పుడే కరగడం ఇష్టం లేదు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సగం నీ కోసమే, ఒప్పుకుంటాను. కానీ మళ్లీ చదివితే ఒక చోట ఆగిపోయాను. పేరు పెట్టకు అన్నావు. అక్కా, నువ్వు మొదటి నుంచీ అదే అడుగుతున్నావు. ముందు ఫోను వంక పెట్టావు, బడి వంక పెట్టావు, ఇప్పుడు సిగ్గు వంక పెడుతున్నావు. నీ నోరు చేసిన పాడుపనికి మా పేరు తప్పుకోవాలా? నేను వదిలేస్తే అది నీ దుకాణం మాటగానే మిగిలిపోతుంది. ఎక్కడో అక్కడ ఇంకో అమ్మ అదే పేరుతో కూతుర్ని పిలుస్తూ మీ గుమ్మం ఎక్కుతుంది, అప్పుడు మీ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పేరు సిరి. పెట్టేశాం.

నువ్వు రావద్దని నేను అనను. నన్ను పెంచినదానివి, నిన్ను చూడకుండా నేనుండలేను, ఆ సంగతి నీకూ తెలుసు. కానీ వచ్చినప్పుడు బెల్లు కొట్టకు. గుమ్మంలో నిలబడి పాపని పేరు పెట్టి పిలువు. నేను లోపలి నుంచి వింటాను. పిలవలేకపోతే మెట్లు దిగి వెళ్లిపో, నేను తప్పు పట్టను. పిలవగలిగిన రోజే రా.
చెల్లి

*

ఇంట్లో, తలుపులన్నీ వేసుకుని

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి వంటగదిలో నిలబడి పిలిచి చూస్తున్నాను. మీ బావ, ఎవరితో మాట్లాడుతున్నానా అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

పిలవలేనని భయపడ్డావు కదా. పిలవగలుగుతున్నాను. అదే నా బాధ. నోరు తెరవగానే పేరు టక్కున వచ్చేస్తోంది, కానీ అటక కన్నంలోకి కేకేసే రాగంలో వస్తోంది. మొదట్లో కొంచెం సాగదీసి, చివర్లో తెంపేసి. మెల్లగా అన్నాను, అదే. ముద్దుగా అన్నాను, మరీ అసహ్యంగా ఉంది, బేరానికొచ్చినావిడ ముందు నవ్వు ఆపుకుంటూ అన్నట్టు. ఇన్నేళ్లూ ఆ పేరుని ఒక్కలాగే అన్నాను. ఇంకోలా ఎలా అంటారో నా గొంతుకి తెలియదు. పసిపిల్ల పేరు నాకు అలవాటైన తిట్టులా వస్తుందని ఎవరికి చెప్పుకోను?

అయినా వస్తున్నాను. ఆదివారం. గొంతు బాగుపడేదాకా ఆగితే ఆ పిల్లకి పెళ్లీడు వస్తుంది. గుమ్మంలో నిలబడి పిలుస్తాను, ఎలా వస్తే అలా.

పాపకి ఏమీ తెలియదు. ఎవరో పిలుస్తున్నారని అటు తిరుగుతుంది, అంతే. నీకు మాత్రం తెలుస్తుంది. విని, తలుపు తీయాలో వద్దో నువ్వే చూసుకో.
అక్క